రెడ్మండు పంచాంగము

గడచిన కార్తికమాసములో ఒక సోమవారమునాడు, కాకినాడలో కంప్యూటర్ల అంగళ్లు నాలుగైదు తిరిగి ధరవరలు విచారించి, ద్రాక్షారామము మీదుగా కోటిపల్లి చేరి, అచ్చట గౌతమిని దాటి ముక్తేశ్వరపు గట్టున దిగి అమలాపురము పోవలెనని వచ్చిన మేము మువ్వురమును, సోమేశ్వరుని దర్శించి మరలిపోవు భక్తజనముతోను, తడిబట్టల మూటలతోను, మోటారుసైకిళ్లతోను క్రిక్కిరిసిన పంటు మా కన్నులయెదుటనే గట్టు విడిచిపోవుటచేత, తరువాతి పంటు వచ్చువరకు రేవులో నిలిచిపోవలసినవారమైతిమి. నది నడుమ, ఏండ్లు గడచినను రైలు మొగమెరుగని వంతెన స్తంభములు వరుసగా నిలిచియుండెను. మొంథా తుఫాను వెళ్లి ఎన్నో దినములు కాలేదు. ఆవలి గట్టున కొబ్బరిచెట్లు కొన్ని తలలు వాల్చియే యున్నవి.

మా మువ్వురిలో ఒకరు వాణిజ్యశాస్త్రమున రీడరు, కళాశాల కొనుగోళ్ల సంఘమునకు పెద్ద. రెండవవాడు మా కంప్యూటరు ల్యాబు చూచుకొను యువకుడు, లంక గ్రామపు రైతుబిడ్డ. మూడవవాడను నేను, తెలుగు శాఖలో పాఠము చెప్పుకొనుచు, సంఘములో సభ్యుడనైన పాపమునకు సాక్షిగా వెంటబోయినవాడను. లోకములో సామాన్యముగా పెద్దవాడు పాతదానిని పట్టుకొని వ్రేలాడుటయు, చిన్నవాడు క్రొత్తదానికై తొందరపడుటయు మనము చూచుచుందుము. ఆనాడు రేవులో ఇది తలక్రిందులయ్యెను.

వివాదాంశ మిది. మా కళాశాలలో ల్యాబున 40, కార్యాలయమున 9, వెరసి 49 కంప్యూటర్లు విండోస్ 10 తో నడచుచున్నవి. పండితులు నిర్వాహక వ్యవస్థ యనియు, తక్కినవారందరును ఆపరేటింగ్ సిస్టమనియు చెప్పు ఈ వస్తువు 2015 జూలై 29న విడుదలయై, పదియేండ్లు లోకమును సేవించి, 2025 అక్టోబరు 14న, రెడ్మండున నున్న యజమాని సంస్థవారి పోషణను కోల్పోయినది. దాని తరువాతిదైన విండోస్ 11 నాలుగేండ్ల క్రిందటనే వచ్చి తలుపువద్ద నిలిచియున్నది. మార్చుట ఎప్పుడు? వారిరువురును మాటాడినది కోనసీమ మాట. దానిని పుస్తకభాషలోనికి దింపుటలో నేను కొంత స్వాతంత్ర్యము వహించితిని గాని, అబ్బాయి నోట వెలువడిన ‘ఆయ్’ లన్నిటిని తీసివేసినచో అతడు అతడుగా మిగులడని రెండు మూడు ఉంచితిని.

రీడరుగారు: ఏమోయి, ధరలు వింటివి గదా. ఒక్కొక్కటి నలువది వేలకు తగ్గించి చెప్పినవాడు లేడు. ల్యాబు ఒక్కదానికే పదునారు లక్షలు. అయినను కొనవలసినదే, ఈ నెలలోనే కొనవలసినదే. గడువు దాటి నెలరోజులు కావచ్చినది. కావలి లేని తోటలో గెలలు ఎన్ని రాత్రులు నిలుచును?

అబ్బాయి: ఆయ్, గడువు దాటినమాట నిజమేనండి. కాని అక్టోబరు 15వ తేదీ ఉదయమున ల్యాబు తలుపు తీసి చూడగా, నలువదియు యథాప్రకారము లేచి కూర్చున్నవి. ఆ తేదీ మందుసీసామీది తేదీవంటిది కాదండి. ఆనాటితో సరుకు చెడిపోదు. చెడినప్పుడు బాగుచేయువాడు రాడు, అంతియే.

రీడరుగారు: అంతియే యని తేలికగా అనుచున్నావు. డాలసులో నున్న మా అబ్బాయి నాకు బోధపరచిన సంగతి వినుము. ఆ సంస్థవారు ప్రతి నెల రెండవ మంగళవారమున లోపములకు దిద్దుబాట్లు విడుదల చేయుదురట. పదకొండవదానికి దిద్దుబాటు వచ్చిననాడే దొంగలు దానిని విప్పి చూచి, ఏ గోడకు ఏ మూల కన్నమున్నదో గ్రహింతురట. రెండు సిస్టములకును పునాది చాలవరకు ఒకటే గనుక, పదకొండులో పూడ్చిన కన్నము పదిలో తెరచియే యుండును. అనగా మన యింటి కన్నములపట్టికను నెలనెలా ఊరిలో చాటింపు వేయుచున్నారన్నమాట. ఇంక ఆలస్యమున కర్థమేమి?

ఈ మాటకు అబ్బాయి వెంటనే బదులు చెప్పలేదు. ఉపమానము కుమారునిదో తండ్రిదో గాని, బలమైనది. రీడరుగారు ఆ నిశ్శబ్దమును తమ గెలుపుగా గ్రహించి, మరియొక అడుగు ముందునకు వేసిరి.

రీడరుగారు: 2017 మే 12 జ్ఞాపకమున్నదా? వానక్రై యను పీడ ఒక్కనాటిలో దేశదేశములకు ప్రాకినది. ఇంగ్లాండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పిపంపినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కూడ కొన్ని అందులో చిక్కుకొన్నవి. దస్త్రములన్నిటికి తాళము వేసి, విడుదలకు సొమ్ము చెల్లింపుమని తెరమీద ఎఱ్ఱ కాగితము అంటించినట్లు చూపినది. పోలీసువాని యింటనే దొంగ పడినప్పుడు, మన కళాశాల ఏపాటి?

అబ్బాయి: జ్ఞాపకమున్నదండి. ఆ కథలో తాము చెప్పని తేదీ ఇంకొకటి కలదు. ఆ కన్నమునకు దిద్దుబాటు 2017 మార్చి 14ననే విడుదలయైనది. పీడ వచ్చినది దాదాపు రెండు నెలలకు. అప్పుడు దెబ్బతిన్నవానిలో ఎక్కువభాగము విండోస్ 7 యంత్రములు, అనగా అప్పటికింకను పోషణలో నున్నవే. వాటికి మందు ఉండెను, త్రాగించినవాడు లేడు. అది ముసలితనపు జబ్బు కాదు, అశ్రద్ధ. అప్‌డేటు వేరు, అప్‌గ్రేడు వేరు మాస్టారూ. ఇంటికి మాటు వేయుట ఒకటి, ఇల్లు మార్చుట ఒకటి. మాటు వేయుటలో నేనెన్నడైన ఆలస్యము చేసితినేమో తామే చెప్పుడు.

రీడరుగారు: చేయలేదు. ఇప్పుడు వేయుటకు మాటు ఏది? నీ వాదమే నీ మెడకు చుట్టుకొనుచున్నది. నాడు మందుండి త్రాగించనివారిది తప్పు. నేడు మందే లేని రోగిని మంచముమీద నుంచుకొని చూచుచుండుట అంతకు పెద్ద తప్పు.

అబ్బాయి: మందున్నదండి, వెల మారినది. చదువుల సంస్థలకు ఒక్కొక్క యంత్రమునకు మొదటి ఏట ఒక డాలరు, రెండవ ఏట రెండు, మూడవ ఏట నాలుగు చెల్లించినచో, 2028 అక్టోబరు వరకు రక్షణ దిద్దుబాట్లు వచ్చుచునే యుండును. వ్యాపారసంస్థలకు మొదటి ఏటనే 61 డాలర్లు. మూడేండ్లకు కలిపి మనకు యంత్రము ఒక్కింటికి ఏడు డాలర్లు, ఆరువందల రూపాయల చిల్లర. అంగడివాడు చెప్పిన నలువది వేలను దీని ప్రక్క నుంచి చూడుడు. మొదటి ఏడు ఊరకుండి రెండవ ఏట చేరుదమన్నను, మొదటి ఏటి రుసుము విడువరు. కనుక చేరునదేదో ఇప్పుడే చేరవలె.

రీడరుగారు: ఈ మాట కాకినాడ పోకముందు చెప్పలేదేమి?

అబ్బాయి: సంఘములో రెండుసార్లు చెప్పితినండి. తమరు మినిట్సు వ్రాసుకొనుచుండిరి.

రీడరుగారు నావైపు చూచిరి. నేను నదివైపు చూచితిని. నిజమునకు అతడు చెప్పియేయుండెను. మేము వినినది డాలరన్న మాటను మాత్రమే, విని, విదేశీ ధనమన్నంతనే అది మా శక్తికి మించినదని నిర్ణయించుకొంటిమి.

రీడరుగారు: సరి, ఉండనిమ్ము. నీవు ఇంత పట్టుపట్టుటకు కారణము ధర ఒక్కటే కాదు. నీకు క్రొత్తదన్న భయమున్నది.

అబ్బాయి: ఆయ్, ఉన్నదండి. 2018 అక్టోబరు 2న ఇదే విండోస్ 10 కి ఒక పెద్ద రూపాంతరము విడుదలయైనది. తొందరపడి వేసికొన్నవారిలో కొందరికి తమ డాక్యుమెంట్ల ఫోల్డరులోని దస్త్రములు అదృశ్యమైనవి. నాలుగైదు దినములలోనే దానిని వెనుకకు తీసికొని, దిద్ది, నవంబరు నడుమ మరల విడిచిరి. నవంబరులో వేసినవానికి ఏమియు కాలేదు. అక్టోబరులో వేసినవాని పిల్లల ఫోటోలు పోయినవి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసంస్థ పంపిన తప్పుడు అప్‌డేటు ఒకటి దాదాపు 85 లక్షల విండోస్ యంత్రములను నీలితెరతో పడగొట్టగా, హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను కలముతో వ్రాసియిచ్చిరి. రక్షించుటకు వచ్చినదే పడగొట్టినది. అందుచేత ముందుగా దిగువాడను నేను కానండి. ఒకడు దిగి లోతు చెప్పిన తరువాత దిగెదను.

రీడరుగారు: అందరును నీవలె అనుకొన్నచో లోతు చెప్పువాడెవడు? పదకొండు వచ్చి నాలుగేండ్లయినది. లోకమంతయు దిగి, ఈది, ఒడ్డెక్కి, తలలు తుడుచుకొనుచున్నది. నీవింకను పంచె తడియునని గట్టుననే నిలిచితివి. పైకి కనబడని తుప్పు సంగతి మన కోనసీమవారికి ఒకరు చెప్పవలెనా? 2014 జూన్ 27న నగరము అను ఊరిలో భూమిలోపలి గ్యాసు గొట్టము...

అబ్బాయి: మాస్టారూ, ఆ మాట ఇచ్చటికి తేవలదండి. అక్కడ మనుష్యులు కాలిపోయిరి. ఇవి కంప్యూటర్లు.

రీడరుగారు కొంచెము సేపు ఊరకుండి, “తప్పే,” అని కండువాతో మొగము తుడుచుకొనిరి. ఆయనలో నాకు నచ్చిన గుణమిది. వాదమును గెలుచుటకై దేనినైన ఎత్తుకొనును, కాని మోయరాని దని తెలిసినంతనే దింపివేయును. ఆ తరువాత వాదము వేడి తగ్గి, అసలైన చోటికి వచ్చినది.

అబ్బాయి: నేను మార్చవలదనుట లేదండి. ఎప్పుడన్నదే ప్రశ్న. మన గోదావరి కాలువలు ఎప్పుడు బాగుచేయుదురు? వేసవిలో నీరు కట్టివేసినప్పుడు. నారుమడికి నీరు పారుచుండగా లాకు తలుపులు ఊడదీసినవాడెవడైన నున్నాడా? అంతకంటె పెద్ద సంగతి చూడుడు. కాటన్ దొర 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట నూరేండ్లు దాటి ముదిసినప్పుడు, 1970 మొదలు 1982 వరకు క్రొత్త బ్యారేజి కట్టిరి. పాతది నీరిచ్చుచుండగనే క్రొత్తది లేచినది. మన సెమిస్టరు ఇప్పుడు పారుచున్న కాలువ. పరీక్షలు తలమీద నున్నవి. పిల్లలు ప్రాక్టికల్సు నడుమ నున్నారు. మే నెలలో, పరీక్షలైన తరువాత, క్రొత్త ప్రవేశములకు ముందు, మన కాలువ కట్టివేయుదురు. అప్పుడు దిగుదము.

రీడరుగారు: గడువు ఆ సంస్థవారు అక్టోబరులో పెట్టిరి గదా.

అబ్బాయి: వారు రెడ్మండులో కూర్చుండి పెట్టిరండి. అది అచ్చటి పంచాంగము. మన పంచాంగమున అక్టోబరు నవంబరులు తుఫాను నెలలు. 1996 నవంబరు 6 న వచ్చినది తమకే తెలియును. మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా వచ్చినది మనమందరము చూచితిమి. సిస్టము ఎక్కుచుండగా సగములో కరెంటు పోయినచో, యంత్రము పాతదిగాను ఉండదు, క్రొత్తదిగాను ఉండదు. మన యూపీఎస్ బ్యాటరీలు ఇరువది నిముషములు నిలిచిన గొప్ప. 2022 మే నెలలో అమలాపురమున అల్లర్ల తరువాత జిల్లాలో ఇంటర్నెట్టు దినములతరబడి ఆపివేసినప్పుడు, ఆన్‌లైనున దించుకొను పని దేనిని నమ్మరాదని నేను నేర్చుకొంటిని. అప్పటినుండి కావలసిన దస్త్రములన్నియు ఒక డిస్కులో ముందుగా నిలువచేసికొను అలవాటు నాకు.

రీడరుగారు: బాగున్నది. ఇప్పుడు నా మాట వినుము. నీవు ఈ కళాశాలకు వచ్చి ఆరేండ్లు. నేను వచ్చి ముప్పదియొకటి. విండోస్ 7 కి 2020 జనవరి 14తో పోషణ ఆగినది. ‘మే నెలలో మార్చుదము’ అనుకొంటిమి. ఆ మే నెలలో కోవిడు. మరుసటి మే నెలలో మరల కోవిడు. ఆపై మే నెలలో నీవు చెప్పిన అల్లర్లు. ల్యాబులోని చివరి విండోస్ 7 యంత్రమును తీసినది 2023లో. ప్రతి మే నెలకు ఒక సాకు దొరికినది, అన్నియు న్యాయమైన సాకులే. కాలువ కట్టినప్పుడు పని చేయుదమన్న సూత్రము మంచిదే. కాని పని మొదలుకాకమునుపే జూను వచ్చి నీరు విడిచినచో గట్టు గండి గండిగనే యుండును. ఆగుటకు నేను విరోధిని కాను, తేదీ లేని ఆగుటకు విరోధిని.

ఈ మాటకు మాత్రము అబ్బాయి నిజముగా తడబడెను. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి పొలములు బీడు పెట్టినప్పుడు తన తండ్రియు అందులో నుండెనని, గిట్టనప్పుడు ఆగుటయు ఒక సేద్యమేయని అతడు ఏదో చెప్పబోయెను. “ఆ యేడు మీ చేలో పెరిగినదేమి?” అని రీడరుగా రడుగగా, “తుంగ యండి,” అని ఒప్పుకొని నవ్వెను. నా లెక్కలో ఆనాటి సంవాదమున రీడరుగారు గెలిచినది ఈ ఒక్కచోటనే. గెలిచినది మాత్రము గట్టి చోట.

అబ్బాయి: సరేనండి, తేదీ వ్రాయుదము. కాని 49 కంప్యూటర్లను ఒకే మందగా లెక్కింపవలదు. కార్యాలయములోని తొమ్మిదింటిలో పిల్లల మార్కులు, స్కాలర్‌షిప్పుల దస్త్రములు, బ్యాంకు లెక్కలు ఉన్నవి. దినమంతయు ఇంటర్నెట్టునకు తగిలించియే యుందురు. దొంగకు కావలసినది అచ్చటనే యున్నది. వానిని ఈ నెలలోనే మార్చుదము. అందులో ఐదు ఎనిమిదవ తరము ఇంటెల్ ప్రాసెసరుకు పైవి గనుక ఉన్నచోటనే పదకొండునకు ఎక్కును. నాలుగు మాత్రము కొనవలె. ల్యాబులోని నలువదియు 2016 నాటివి, ఆరవ తరము. వానిని పదకొండు లోనికి రానీయదు. టీపీఎం 2.0 అని తాళపుచెవులు దాచుకొను చిప్పు ఒకటి ఉండవలెనని దాని నియమము. నియమమును త్రోసి దొడ్డిదారిని ప్రవేశపెట్టు ఉపాయములున్నవి గాని, అట్లు పెట్టినదానికి అప్‌డేట్లు వచ్చునన్న హామీ లేదు. నేనా పని చేయను.

రీడరుగారు: ల్యాబువానిలో దొంగకు కావలసినది ఏమియు లేదందువా?

అబ్బాయి: ఫిబొనాచి శ్రేణి ప్రోగ్రాములు నలువది ప్రతులున్నవండి. కావలసినవాడు కొనిపోవచ్చును.

రీడరుగారు: హాస్యము చాలును. అవి అన్నియు ఒకే తీగకు కట్టినవి గదా. ల్యాబులో దూరినవాడు కార్యాలయములోనికి నడచి రాడా?

అబ్బాయి: అందుకే రెండింటిని విడదీయవలెనండి, ఆ పని రేపే చేయవచ్చును, పైస ఖర్చు లేదు. డాలరు రుసుము కట్టుదము. ఇక అసలు చిక్కు చెప్పెదను, కోపపడకుడు. విండోస్ 11 లో 32 బిట్ల రూపము లేదు, ఉన్నది 64 బిట్లదే. మన ల్యాబులో 32 బిట్ల విండోస్ 10 ఎందుకున్నదో తెలియునా? టర్బో సీ కొరకు. అది డాస్ కాలమునాటి 16 బిట్ల సరుకు. 64 బిట్ల విండోస్ దానిని గుమ్మము త్రొక్కనీయదు. డాస్‌బాక్స్ అని ఒక బొమ్మయిల్లు కట్టి, అందులో కూర్చుండబెట్టి ఆడింపవలె.

రీడరుగారు: టర్బో సీ యా? ఆ నీలి తెర, పసుపు అక్షరములు? మా అబ్బాయి ఇంజనీరింగులో 1998లో నేర్చినది దానిమీదనే గదా! వానికి జుట్టు నెరయుచున్నది. అది ఇంకను బ్రతికియున్నదా?

అబ్బాయి: మన ల్యాబులో యౌవనములోనే యున్నదండి. పిల్లలు ప్రోగ్రామున కోనియో అన్న మాట చేర్చి, తెర తుడుపుమని ఆజ్ఞ వ్రాయనిదే రికార్డు పూర్తియైనట్లు తోచదు. జీసీసీ యని ఉచితముగా దొరకు కంపైలరు ఉన్నది, ఎచ్చటనైనను నడచును. కాని అందులో ఆ ఆజ్ఞలు చెల్లవు. అప్పుడు రికార్డు మార్చవలె, పాఠ్యక్రమపు నోట్సు మార్చవలె, ఇరువది యేండ్లుగా అవే ప్రోగ్రాములు బోర్డుమీద వ్రాయుచున్న మాస్టార్లు మరల కూర్చుండి నేర్వవలె. ఆపరేటింగ్ సిస్టము మార్చుట నా చేతిలో ఒక పూట పని. తక్కినది నా చేతిలో లేదు.

ఇచ్చట నేను చిన్న మాట అడ్డము చెప్పవలసియున్నది. ఇంతవరకు వీరి వాదము యంత్రములను గూర్చియని నేను వినుచుంటిని. వాయిదాకు మూలము యంత్రమున గాక, దానిని ఆనుకొని మనము కట్టుకొన్న చూరులలోను, పందిళ్లలోను ఉన్నదని నాకప్పుడు తోచెను. గోడ తీయుట సులభము. గోడకు ఎవరెవరు పందిరి కట్టుకొన్నారో లెక్క తీయుటకే సంవత్సరములు పట్టును.

రీడరుగారు: ఆ జీసీసీ ఏదో ఉచితమంటివి. నడుచుటకు ఈ విండోసే అక్కరలేదందువా?

అబ్బాయి: అక్కరలేదండి. ఆ పాత నలువదింటిలోను హార్డుడిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ తగిలించి లినక్సు వేసినచో, ఇంకను నాలుగైదేండ్లు హాయిగా పనిచేయును. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో యేండ్లుగా లినక్సుమీదనే చదువు చెప్పుచున్నవి. హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగులోనే దానిని సిద్ధపరచిరి. పారవేసిన కొబ్బరిడొక్కయైనను పీచుగా మారి పరుపగును. ఈ పెట్టెలు నలువది పారవేసినచో ఏ పీచు వచ్చును?

రీడరుగారు: మా కామర్సు పిల్లలకు ట్యాలీ వలె. నీ లినక్సు మీద ట్యాలీ నడచునా?

అబ్బాయి: తిన్నగా నడువదండి.

రీడరుగారు: అయినచో సగమునకు క్రొత్తవి కొనవలె, సగమునకు నీ లినక్సు. ఇది నా చివరి మాట.

ఇట్లనుచునే ఆయన కాకినాడ ధరల కాగితమును త్రిప్పి, మోకాలిమీద నుంచి, కలము తీసిరి. కార్యాలయమువి తొమ్మిది, ఈ నెలలో. ల్యాబు తీగను వేరుచేయుట, రేపు. నలువదింటికి నలువది డాలర్లు, ఈ వారములో. ఆపై 2026 మే 11, సోమవారము. విశ్వవిద్యాలయమువారి పరీక్షల పట్టిక రాకమునుపే తేదీ యెట్లు వ్రాయుదురని అబ్బాయి గునియగా, “వ్రాసిన తేదీని జరుపవచ్చును, వ్రాయని తేదీని జరుపుటకు ఏమున్నది?” అని ఆయన దానిక్రింద రెండు గీతలు గీచిరి. పదకొండు వేసినంతమాత్రమున పని తీరదనియు, దాని రూపాంతరము ప్రతిదానికి చదువుల సంస్థల పోషణ 36 నెలలు మాత్రమేననియు, కనుక మూడేండ్ల కొకసారి ఈ రేవుకు రావలసియుండుననియు అబ్బాయి చెప్పెను. రీడరుగారు ఆ మాట వ్రాసికొనలేదు.

అబ్బాయి: ఇక యాబదవది ఒకటి కలదండి.

రీడరుగారు: ఏది? నలువదియు తొమ్మిదియు నలువదితొమ్మిదే గదా.

అబ్బాయి: పంతులుగారి గదిలోనిది. పట్టికకు ఎక్కలేదు. విండోస్ ఎక్స్‌పీ.

ఇరువురును నావైపు తిరిగిరి. సాక్షిగా వచ్చినవాడను బోనులో నిలువవలసివచ్చెను. ఎక్స్‌పీకి పోషణ ఆగినది 2014 ఏప్రిల్ 8న. పదకొండేండ్లు దాటినవి. అయినను ఆ యంత్రము నా గది మూలలో గుడ్డ కప్పుకొని యున్నది. దానిలో రెండు దశాబ్దముల కళాశాల వార్షిక సంచికలు, పిల్లల తొలి పద్యములు, పోయిన పెద్దల వ్యాసములు ఉన్నవి. అన్నియు పేజ్‌మేకరులో కూర్చినవి, అచ్చు ప్రెస్సుల ఖతులలో. ఆ ఖతులలో తెలుగక్షరము తెలుగక్షరముగా నిలువచేయబడదు. ఇంగ్లీషు అక్షరములకు, గుర్తులకు తెలుగు ముసుగు తొడిగియుందురు. ముసుగు తీసినచో ‘అమ్మ’ యన్న మాట సగము రోమను లిపిగా, సగము ఆశ్చర్యార్థకములుగా కనబడును. తెలుగుదేశమంతట వేలకొలది పుస్తకములు ఈ ముసుగులలోనే నిద్రించుచున్నవి.

యూనికోడు లేకనా యన్నచో, ఉన్నది. 1991 నాటి తొలి యూనికోడులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించియుండిరి. అంతకంటె నవ్వు పుట్టించు సంగతి, అదే ఎక్స్‌పీతో తెలుగు కొరకు ఆ సంస్థవారు ఇచ్చిన ఖతి పేరు గౌతమి. నేను నిలిచియున్న ఈ నది పేరే నా యంత్రములో, నా వ్రేలిక్రింద, ఇరువదియేండ్లకు పైగా ఉండగా, ప్రెస్సువారు ఒప్పరని ఒక సాకు, అలవాటైన కీబోర్డు విడువలేనని ఒక సాకు చెప్పుకొనుచు నేను దానిని ముట్టలేదు. రీడరుగారి మే నెలలకంటె నావి ఎక్కువ.

రీడరుగారు: దానిని మాత్రము ఈ రాత్రియే తీసి పారవేయవలె.

అబ్బాయి: అదొక్కటి మాత్రము తీయరాదండి. తీసినచో ఆ సంచికలు తెరచువాడుండడు. నెట్టు తీగ లాగివేసితిని, ఏనాడో. డిస్కును రెండు ప్రతులు తీసితిని. మార్పిడి ప్రోగ్రాములు ఉన్నవి గాని, ఒత్తులవద్ద తప్పు చేయును. ప్రతి పుటను తెలుగు తెలిసినవాడు చదివి దిద్దవలె. పంతులుగారూ, మొత్తము ఎన్ని దస్త్రములుండునండి?

నేను లెక్కపెట్టలేదని చెప్పితిని. లెక్కపెట్టనిదే తేదీ వ్రాయలేనని రీడరుగారు కలమును జేబులో పెట్టుకొనిరి.

అంతలో పంటు వచ్చినది. దిగువారు దిగకమునుపే ఎక్కువారు ఎక్కుచు, మోటారుసైకిళ్లు కూతలు పెట్టుచు, తడిజుట్టు ముడివేసికొన్న స్త్రీలు పిల్లలను చంకలకెత్తుకొని పలకమీదికి నడచుచుండ, అబ్బాయి ఆ సందడిలో ఎట్లు దూరెనో తెలియదు గాని, ఒక్క గంతులో పంటు కొసకు చేరి, “రండి మాస్టారూ, చోటున్నది,” అని చేయి చాచెను. రీడరుగారు పంటు అంచునకు నీరెంత దూరమున నున్నదో ఒకసారి తేరిపార చూచి, చేతికఱ్ఱ ఇసుకలో నాటి, “ఇంత జనముతో ఇప్పుడే దాటవలెనన్న నియమ మేమున్నది? తరువాతిది రానిమ్ము,” అనిరి. ధరల కాగితము ఆయన జేబులో నున్నది. ఆ ప్రతులు తీసిన డిస్కున్న సంచి నా చేతిలో నున్నది. తాడు విప్పుచున్న పంటువాడు నన్ను చూచి, ఎక్కెదరా లేదా యని అడుగుచుండెను.